నీల్ ద్వీపానికి బెజవాడ నుంచి: ఒక్క పూట కాదు, మూడు రాత్రులు ఉండేలా

అండమాన్ వెళ్లొచ్చిన వాళ్లు మన బెజవాడలో ప్రతి వీధిలోనూ ఇద్దరో ముగ్గురో ఉంటారు. నీల్ ఎలా ఉందని అడిగి చూడండి. "బాగుందండీ, మూడు గంటలున్నాం" అంటారు. తప్పు వాళ్లది కాదు, ప్యాకేజీది. పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్ చూపించి, తిరుగు దారిలో నీల్‌లో దింపి, మూడు బీచ్‌లు తిప్పి, సాయంత్రం బోటెక్కించేస్తారు.

మాకూ మొదట అదే ప్లాన్ ఇచ్చారు. మా పిన్ని ఆ కాగితం చదివి, "అంత దూరం పోయి బోటు దిగి బోటెక్కడం ఏమిట్రా? ఆ మాత్రానికి భవానీ ద్వీపం చాలదూ?" అంది. దాంతో ప్యాకేజీ పక్కనపెట్టి నేనే కట్టుకోవడం మొదలుపెట్టాను. నేను, మా ఆవిడ, ఏడో క్లాసు చదివే మా వాడు, అమ్మ, పిన్ని, మొత్తం ఐదుగురం నీల్‌లో మూడు రాత్రులున్నాం. ఆ లెక్క ఎలా కట్టానో వరసగా చెబుతాను. ఒక్క మాట ముందే: ఈ ట్రిప్‌ని హోటల్ చూసుకుని కట్టకూడదు. బోటు టైము, ఆటుపోట్ల టైము చూసుకుని కట్టాలి.

పేర్లతో కంగారు పడకండి

టికెట్ బుక్ చేసేటప్పుడు 'నీల్' అని వెతికితే కొన్నిచోట్ల కనిపించదు. 2018 డిసెంబరు 30న దాని పేరు షహీద్ ద్వీప్‌గా, హావ్‌లాక్ పేరు స్వరాజ్ ద్వీప్‌గా మార్చారు. 1943లో అదే రోజున నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేశారు, దానికి 75 ఏళ్లయిన సందర్భం అది. పోర్ట్ బ్లెయిర్ కూడా 2024లో శ్రీ విజయపురం అయింది. నీల్, హావ్‌లాక్ ఇద్దరూ 1857 తిరుగుబాటును అణచిన బ్రిటిష్ సేనాధిపతులు కాబట్టి ఆ పేర్లు పోయినందుకు బాధేం లేదు. కానీ ఆటోవాళ్లు, హోటల్ వాళ్లు అందరూ ఇంకా నీల్ అనే అంటారు, నేనూ అదే అంటాను.

2011 లెక్కల ప్రకారం అక్కడ జనం మూడు వేల చిల్లర. మన దగ్గర ఒక మోస్తరు పల్లె అంత. బోటు దిగే జెట్టీ నుంచి తూర్పు చివర సీతాపూర్ దాకా రోడ్డు సుమారు ఐదు కిలోమీటర్లు. బీచ్‌ల పేర్లు వింటే మీకు నవ్వొస్తుంది: సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలకు 1960ల్లో ఇక్కడ భూములిచ్చి స్థిరపరిచారు. ఆ కుటుంబాల వాళ్లే ఇప్పటికీ కూరగాయలు, అరటి, వక్క పండిస్తున్నారు. నీల్ కూరగాయలు పోర్ట్ బ్లెయిర్ దాకా వెళతాయి.

ముందు గోడ మీది క్యాలెండర్ తీయండి

నెలలు మొదట. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం సంగతి మనకి వేరే చెప్పాలా? మనకి తుఫాను అంటే అక్కడ బోట్లు ఆగిపోవడం. డిసెంబరు చివర నుంచి ఏప్రిల్ దాకా మంచిది. జనవరి సెలవుల్లో రద్దీ ఎక్కువ, రేట్లు ఎక్కువ. సముద్రం బాగా ఊరుకునేది ఫిబ్రవరి, మార్చిల్లో. పిల్లల పరీక్షలు అడ్డం రాకపోతే ఫిబ్రవరి కళ్లు మూసుకుని పెట్టేయొచ్చు.

ఇక తిథులు. నవ్వకండి, ఇది జాతకం కోసం కాదు. నీల్‌లో చూడాల్సిన వాటిలో సగం నీళ్లు వెనక్కి వెళ్లినప్పుడే కనిపిస్తాయి. సముద్రం రోజుకి సుమారు రెండుసార్లు పోటు మీదికి వస్తుంది, రెండుసార్లు ఆటులో వెనక్కి వెళుతుంది. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఆరు గంటల పైచిలుకు. ఈ టైము రోజుకి ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఈ రోజు ఉదయం ఎనిమిదికి ఆటు అయితే రేపు తొమ్మిదికి అటూ ఇటూగా అన్నమాట. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్లు బాగా పైకొచ్చి బాగా వెనక్కి పోతాయి. అష్టమి దగ్గర ఆ తేడా తక్కువ. అంటే మీరు నీల్‌లో ఉండే మూడు రోజులు అమావాస్యకో పౌర్ణమికో దగ్గరగా పడితే రాళ్లూ, పగడాల దిబ్బలూ బాగా బయటపడతాయి. ఫోన్‌లో 'టైడ్ టేబుల్' అని కొట్టి పోర్ట్ బ్లెయిర్ టైములు చూసుకోండి, నీల్‌కి దాదాపు అవే సరిపోతాయి. ఆ టైములు ఒక కాగితం మీద రాసుకుని పర్సులో పెట్టుకోండి.

ఇది నేను చేయలేదు. అందుకే మొదటి రోజు మధ్యాహ్నం భోజనం చేసి అందరినీ వేసుకుని సహజ రాతి వంతెన దగ్గరికి వెళ్లాను. దారి నీళ్లలో ఉంది. అలలు రాళ్లని కొడుతున్నాయి. కొబ్బరిబోండాలు అమ్మే ఆమె మమ్మల్ని చూసి "కల్ సుబహ్" (రేపు పొద్దున) అంది, అంతే. అమ్మ అక్కడే చెట్టు కింద కూర్చుని బోండాం తాగి, "మరి పొద్దున వస్తే సరిపోయేదిగా" అంది. ఇంజినీరింగ్ చదివిన కొడుకుని అంతకంటే తిట్టక్కర్లేదు.

తర్వాత చివరి రోజు నుంచి వెనక్కి లెక్క కట్టండి

టికెట్లు ముందు వైపు నుంచి కాదు, చివర నుంచి బుక్ చేయాలి. తిరుగు విమానం ఏ రోజో ఆ ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకోవాలి. పొద్దున నీల్‌లో బోటెక్కి మధ్యాహ్నం విమానం పట్టుకుందామనే ఆలోచన పెట్టుకోవద్దు. గాలి లేస్తే బోట్లు ఆపేస్తారు. కృష్ణకి వరదొస్తే భవానీ ద్వీపానికి బోట్లు ఆపరూ, అదే లెక్క. కాకపోతే అక్కడ ఒడ్డుకి రావడానికి నమ్ముకోదగ్గ ఇంకో దారి లేదు. ఆ ఒక్క ఖాళీ రాత్రి ఉంటే టెన్షన్ లేదు.

నేను కట్టిన వరస ఇది. ఇంటి నుంచి చెన్నై, అక్కడ ఒక రాత్రి. పొద్దున విమానంలో పోర్ట్ బ్లెయిర్, ఆ రోజు సెల్యులర్ జైలు చూసి అక్కడే రాత్రి. మర్నాడు బోటులో హావ్‌లాక్, రెండు రాత్రులు. హావ్‌లాక్ నుంచి నీల్, మూడు రాత్రులు. నీల్ నుంచి పోర్ట్ బ్లెయిర్, ఒక రాత్రి. తర్వాత విమానం. సెలవు తక్కువైతే హావ్‌లాక్‌లో ఒక రాత్రి తగ్గించండి. రాధానగర్ బీచ్ ఒక సాయంత్రం తీరిగ్గా చూస్తే చాలు. నీల్‌ని మాత్రం కోయొద్దు.

బెజవాడ నుంచి పోర్ట్ బ్లెయిర్ దాకా

గన్నవరం నుంచి హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్లి అక్కడ విమానం మారొచ్చు. ఐదుగురికి లెక్క వేస్తే మాకు రైలే నయమనిపించింది. పినాకిని పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్. గుంటూరు వాళ్లు తెనాలిలో ఎక్కొచ్చు. సెంట్రల్ స్టేషన్ దగ్గరే మెట్రో ఉంది, విమానాశ్రయం దాకా వెళుతుంది. కానీ అండమాన్ విమానాలు చాలావరకు తెల్లవారుజామున, ఉదయం ఉంటాయి. అంత పొద్దున్నే మెట్రోని నమ్ముకోకుండా మీనంబాక్కం, పల్లావరం వైపు రూమ్ తీసుకుని పడుకోండి. విమానం రెండు గంటల పైన పడుతుంది. కిటికీ సీటు పిల్లలకిచ్చేయండి, దిగేముందు కనిపించే ఆ పచ్చని దీవుల మీద ఎలాగూ వాళ్లదే హక్కు.

విశాఖ నుంచీ చెన్నై నుంచీ ఓడలున్నాయి. రెండున్నర, మూడు రోజుల ప్రయాణం, పైగా రోజూ ఉండవు. సరదాకి బాగుంటుంది గానీ, అమ్మలనీ పిల్లలనీ వేసుకుని నేనైతే వెళ్లను.

మనవాళ్లు మామూలుగా వెళ్లే దీవులకి ప్రత్యేక పర్మిట్ అక్కర్లేదు. ఆధార్ అసలు కార్డు మాత్రం అందరిదీ ఉండాలి, పిల్లలది కూడా. బోటెక్కేటప్పుడూ, హోటల్లోనూ అడుగుతారు.

బోటు: ప్రభుత్వానిదా, ప్రైవేటుదా

ప్రభుత్వ బోట్లు చవక. పోర్ట్ బ్లెయిర్ నుంచి నీల్‌కి సుమారు రెండు గంటలు. పైకెక్కి గాలికి నిలబడొచ్చు, ఎగిరే చేపలు కనిపించినా కనిపిస్తాయి. వీటిలో స్థానికులకే మొదటి అవసరం కాబట్టి సీజన్‌లో టికెట్ దొరకడం కష్టం. ప్రైవేటు బోట్లు ఏసీవి, వేగంగా వెళతాయి, ఆన్‌లైన్‌లో ముందే బుక్ అవుతాయి, రేటు దానికి తగ్గట్టే ఉంటుంది. హావ్‌లాక్ నుంచి నీల్‌కి వీటిలో గంట లోపే. మేం ఆ ముక్కకి ప్రైవేటు, తిరుగు ప్రయాణానికి ప్రభుత్వ బోటు తీసుకున్నాం. మా వాడికి రెండోదే నచ్చింది.

జెట్టీకి గంట ముందు చేరండి. పోర్ట్ బ్లెయిర్‌లో ప్రైవేటు బోట్లు హడ్డో నుంచి, ప్రభుత్వానివి ఫీనిక్స్ బే నుంచి బయల్దేరతాయి. టికెట్ మీద చూసుకోకుండా ఆటో ఎక్కితే పరుగులు తప్పవు. వాంతులయ్యే వాళ్లుంటే ఖాళీ కడుపుతోనూ వద్దు, నాలుగు పూరీలు లాగించీ వద్దు, రెండు ఇడ్లీలు చాలు. మాత్ర వేసుకునేదైతే బోటు కదిలాక కాదు, అరగంట ముందే. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు ఏ మాత్రో ఇంటి దగ్గరే డాక్టర్‌ని అడిగి తెచ్చుకోండి. బోటు మధ్య భాగంలో, వీలైతే వెనక వైపు కూర్చుంటే కుదుపు తక్కువ.

సంచిలో ఏం ఉండాలి

నగదు ముందు. నీల్‌లో ఏటీఎంనీ ఫోన్ సిగ్నల్‌నీ నమ్ముకోకండి, రెండూ ఒకేసారి మొండికేసే రోజులుంటాయి. మూడు రోజులకి సరిపడా డబ్బు పోర్ట్ బ్లెయిర్‌లోనే తీసుకోండి, చిల్లర నోట్లతో సహా. బోటు టికెట్లు, హోటల్ కాగితాలు ప్రింట్ తీసుకోండి. రోజూ వేసుకునే మందులు రెండు రోజులు ఎక్కువ పట్టుకెళ్లండి. దీవిలో చిన్న ప్రభుత్వాసుపత్రి ఉంది గానీ, పెద్ద వైద్యం ఏదైనా పోర్ట్ బ్లెయిర్‌లోనే.

కాలికి పట్టుండే శాండల్స్ తప్పనిసరి. హవాయి చెప్పులతో పగడపు రాళ్ల మీద నడిస్తే ఏమవుతుందో మా పిన్ని మోకాలు చెబుతుంది. టార్చి, దోమల ఆయింట్‌మెంటు, స్టీలు నీళ్ల సీసా. బీచ్‌లో సాయంత్రం పూట ఇసుక ఈగలు కుడతాయి, కాళ్లు కప్పే బట్టలు మేలు.

తిండి సంగతి. నీల్‌లో భోజనం బెంగాలీ వాళ్ల చేతిది. అన్నం, పప్పు, బంగాళాదుంప వేపుడు, ఆవపిండి వేసిన చేప. కూరగాయలు అక్కడివే కాబట్టి వంకాయ, బీన్స్ తాజాగా ఉంటాయి. శాకాహారులకి ఇబ్బంది లేదు, కారానికి మాత్రం ఉంది. ఆవకాయ, కందిపొడి పట్టుకెళ్లండి. పచ్చడి డబ్బా మూతకి టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టి, చెక్-ఇన్ సామానులో వేయండి. చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర వాదించుకోవాలి. ఇంకోటి: దుర్గమ్మ ప్రసాదమని ఎండు కొబ్బరి చిప్పలు పెట్టుకోకండి. ఎండు కొబ్బరి త్వరగా అంటుకుంటుందని విమానంలో ఒప్పుకోరు. అమ్మ రెండు చిప్పలు చెన్నైలో వదిలేయాల్సి వచ్చింది, ఆ దిగులు పోర్ట్ బ్లెయిర్ దాకా పోలేదు.

దీవి దిగాక

భాషకి భయం లేదు. హిందీ అందరికీ వచ్చు. పైగా అండమాన్ నికోబార్ జనాభాలో 2011 లెక్కల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 13 శాతం. జెట్టీ దగ్గర టీ తాగుతూ మేం మాట్లాడుకుంటుంటే కొట్టతను "ఏ వూరు బాబూ మీది?" అన్నాడు. విజయవాడ అన్నాం. "మాది సోంపేట కాడ. మా నాన్న వచ్చేసినాడు ఇక్కడికి" అని ఇంకో అల్లం ముక్క దంచి టీలో వేశాడు.

తిరగడానికి స్కూటర్ అద్దెకిస్తారు, రోజుకి ఐదారువందల చిల్లర. లైసెన్స్ ఉండాలి. పెద్దవాళ్లకి ఆటో మాట్లాడుకోండి. ఒక్కరే ఉంటే సైకిల్ చాలు, రోడ్డు దాదాపు చదునే.

ఒక్క సంగతి మొదటి రోజే అలవాటు చేసుకోవాలి. గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనవాడు కాదు. నీల్ బెజవాడకి తూర్పున 12 డిగ్రీల దూరంలో ఉంది. అంటే ముప్పావుగంట ముందే తెల్లారుతుంది, ముందే చీకటిపడుతుంది. డిసెంబరులో ఐదింటికే పొద్దు గుంకుతుంది. టిఫిన్ చేసి పదింటికి బయల్దేరే మన పద్ధతి అక్కడ పనికిరాదు. ఐదింటికి లేచి, మధ్యాహ్నం పడుకోండి.

సీతాపూర్‌లో సూర్యోదయం చూడండి. అక్కడ అలలు జోరుగా ఉంటాయి, నీళ్లలోకి దిగొద్దు. ఎనిమిది లోపు తిరిగొచ్చి టిఫిన్ చేయండి.

భరత్‌పూర్ జెట్టీ పక్కనే. నీళ్లు లోతు లేకుండా, గచ్చకాయ రంగులో కాదు, లేత ఆకుపచ్చ గాజులా ఉంటాయి. ఈత రాని వాళ్లు దిగడానికి నీల్‌లో ఇదే మంచి చోటు. అడుగున గాజు ఉన్న పడవలో వెళితే దిగకుండానే పగడాలు చూడొచ్చు, అమ్మ, పిన్ని అలాగే చూశారు. ఆటు సమయంలో మాత్రం పగడాలు పైకి తేలతాయి, వాటి మీద నడవకండి. కాలు కోసుకుంటుంది, అవీ చస్తాయి. అక్కడ నీటి అడుగున పెరిగే గడ్డి మేయడానికి సముద్రపు ఆవు అనే డుగాంగ్ ఈ వైపు వస్తుంది. అది అండమాన్ రాష్ట్ర జంతువు. మాకు కనిపించలేదు.

భరత్‌పూర్‌కి మధ్యాహ్నం పోలేం, జాతరలా ఉంటుంది. సాయంత్రం బోటు వెళ్లాక రండి. మేం రెండో రోజు నాలుగున్నరకి వెళ్లాం. బోటు దూరంగా చుక్కలా కనిపిస్తోంది. జెట్ స్కీలు ఇసుక మీదికి లాగి కవర్లు కప్పుతున్నారు. ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాన్లో ఒకటి దోపుతున్న చప్పుడు, అదీ ఆగిపోయాక నీళ్లు ఇసుకని తాకే చిన్న శబ్దం. మొగలి పొదల పక్కన కుక్క ఒకటి గొయ్యి తవ్వుకుని పడుకుంది. మా పిన్ని చెప్పులు తీసి చేత్తో పట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తి, మోకాలి లోతు నీళ్లలో అరగంట నిలబడింది. ఏమీ మాట్లాడలేదు. ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండడం మా ఇంట్లో ఎవరూ చూడలేదు.

సూర్యాస్తమయానికి లక్ష్మణ్‌పూర్. జెట్టీ నుంచి దగ్గరే. నాలుగుంబావుకల్లా అక్కడ ఉండాలి.

ఇక రాతి వంతెన. ఇది లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లో ఉంది. ఏళ్ల తరబడి అలలు కోసి కోసి వదిలేసిన రాతి తోరణం. బెంగాలీ వాళ్లు కదా, ముద్దుగా హౌరా బ్రిడ్జి అంటారు. అందరూ తోరణం కింద నిలబడి ఫోటో దిగి వెనక్కి వచ్చేస్తారు. నన్నడిగితే అసలు విషయం దాని ముందున్న గుంటల్లో ఉంది. ఆటులో నీళ్లు వెళ్లిపోయాక రాళ్ల మధ్య బిందెడు, తొట్టెడు నీళ్లు మిగిలిపోతాయి. మొదటి రోజు కుదరక రెండో రోజు పొద్దున మేం వెళ్లేసరికి, అష్టమి రోజులు కాబట్టి సముద్రం మరీ దూరం జరగలేదు గానీ, గుంటలు బయటపడ్డాయి. ఒక దాని దగ్గర మా వాడితో పాటు గొంతుకూర్చున్నాను. మొదటి నిమిషం రాళ్లు తప్ప ఏం కనిపించలేదు. తర్వాత నల్లటి దొండకాయ లాంటిది, జానెడు ఉంటుంది, కొద్దిగా జరిగింది. సముద్రపు దోసకాయ. దాని పక్కన పెద్ద ఆల్చిప్ప నోరు సగం తెరిచి ఉంది, అంచులకి నెమలికంఠం రంగు. నా నీడ పడగానే టక్కున మూసుకుంది. నీడ తీస్తే మళ్లీ మెల్లగా తెరుచుకుంది. మా వాడు ఇరవై నిమిషాలు అదే ఆట.

దారి చూపించే కుర్రాళ్లుంటారు, కొద్ది డబ్బుకే వస్తారు, తీసుకోండి. ఎక్కడ కాలు పెట్టాలో వాళ్లకి తెలుసు. ఎవరైనా ఆ జీవాల్ని చేతిలోకి తీసి ఫోటోకి ఇస్తామంటే వద్దనండి. మోకాళ్ల నొప్పులున్న వాళ్లని అంతదూరం నడిపించకండి, పైన చెట్ల కింద బోండాం ఇప్పించి కూర్చోబెట్టండి. నీళ్లు తిరిగి రావడం మొదలైతే ఇక ఆగొద్దు.

స్కూబా చేసేవాళ్లకి ఒక హెచ్చరిక. నీటి లోపలికి దిగాక కనీసం 18 గంటలు, వీలైతే పూర్తి రోజు, విమానం ఎక్కకూడదు. పోర్ట్ బ్లెయిర్‌లో ఆ ఖాళీ రాత్రి ఇక్కడా పనికొస్తుంది. పదేళ్ల లోపు పిల్లల్ని తీసుకోరు.

తిరుగు ప్రయాణం, సామాను సర్దేటప్పుడు

సర్దేముందు అందరి సంచులూ ఒకసారి దులపండి. పగడం ముక్క, బతికున్నదైనా చచ్చినదైనా, తీసుకెళ్లడం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకి పులితో సమానంగా రక్షణ ఉంది. కొన్ని రకాల శంఖాలూ ఆ చట్టం కిందికి వస్తాయి. పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయంలో స్కానింగ్‌లో పట్టుకుంటారు. బీచ్‌లో ఏరిన గవ్వ ఏదీ తెచ్చుకోకపోవడమే మంచిది.

చట్టం సంగతి మాకు చివరి రాత్రి రూములో తెలిసింది, వేరే రకంగా. లైటు తీశాక గోడ పక్కన గరగర. ఎలుకనుకున్నాం. లైటు వేస్తే అమ్మ చేతిసంచిలో నుంచి చప్పుడు. సాయంత్రం లక్ష్మణ్‌పూర్‌లో ఏరిన తెల్ల గవ్వ, పూజ గదిలో పెడదామని తెచ్చిందట, కళ్లజోడు పెట్టె ఎక్కి నడుస్తోంది. లోపల సన్యాసి పీత. తనకి సొంత గవ్వ ఉండదు, ఖాళీ గవ్వ దొరికితే దాన్లో కాపురం పెడుతుంది, ఒళ్లు పెరిగితే ఇంకోటి వెతుక్కుంటుంది. అమ్మ దాన్ని గ్లాసులో పెట్టి, "రాత్రిపూట వద్దులే, తెల్లారగానే దింపొద్దాం" అంది. తెల్లవారుజామున ఐదింటికి టార్చి వేసుకుని ఇద్దరం లక్ష్మణ్‌పూర్ వెళ్లి ఇసుక మీద వదిలాం. కాసేపు కదల్లేదు. తర్వాత కాళ్లు బయటపెట్టి నీళ్ల వైపు కాకుండా పొదల వైపు నడిచింది.

తొమ్మిదింటికి బోటు. ఎనిమిదికి జెట్టీలో ఉన్నాం. సోంపేట అతని కొట్టు అప్పటికే తెరిచి ఉంది.